ఎండతో నడిచే ఇంటికి ఎటువంటి పరికరాలు కావాలి?

2018వ సంవత్సరం అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుండి 150 కిలోమీటర్లు. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగినవి. వేలకొద్దీ విద్యుత్ స్తంభాలు కూలినవి. అనేక గ్రామాలు రోజుల తరబడి చీకటిలో ఉండిపోయినవి. అంతకు నాలుగేళ్ళ ముందు, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్నీ, చుట్టుపట్ల జిల్లాలనూ ఇట్లాగే చీకటిపాలు చేసింది.

ఇటువంటి అనుభవం గల ప్రాంతంలో, స్తంభాలతోనూ తీగలతోనూ పని లేకుండా ఎండతోనే నడిచే ఇల్లు కావాలనే కోరిక పుట్టడం సహజం. బొబ్బిలి యుద్ధ కథలో తాండ్ర పాపారాయని పేరుతో ముడిపడిన రాజాం పట్టణం ఆ ప్రాంతంలోనిదే. 2022 ఏప్రిల్ 4 వరకు అది శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. ఆనాటి జిల్లాల పునర్విభజనతో విజయనగరం జిల్లాలో చేరింది. రాజాంకు దూరంగా, జీడితోట నడుమ ఇల్లు కట్టుకొన్న ఒక కుటుంబాన్ని ఊహించుకొందాం. తీగ లాగించుకోవాలంటే స్తంభాల ఖర్చు ఎక్కువ. కనుక ఇంటి యజమాని సౌరవిద్యుత్తును ఆశ్రయించదలచాడు. అతడు మొట్టమొదట ఏమి కొనాలి?

చాలామంది సోలార్ పలకలు కొంటారు. తరువాత బ్యాటరీలు కొంటారు. ఆపైన ఇంట్లో ఉన్న పాత ఫ్యాన్లూ, పాత ఫ్రిజ్జూ వాటికి తగిలిస్తారు. ఇది ఒంటి కొలత తీసుకోకుండా చొక్కాగుడ్డ కొనడం వంటిది. నెల తిరగకముందే దీపాలు అర్ధరాత్రి ఆరిపోవడం మొదలవుతుంది, రెండేళ్ళకు బ్యాటరీలు పనికిరాకుండా పోతాయి, చివరకు అపకీర్తి సూర్యునికి వస్తుంది. నిజానికి ఇక్కడ లెక్క తలక్రిందులుగా సాగాలి. ముందు ఏ పరికరం ఎంత శక్తి తీసుకొంటుందో చూడాలి, తరువాత బ్యాటరీ, చిట్టచివర పలక.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకం క్రింద ఇళ్ళ కప్పుల మీద కనిపిస్తున్న పలకలలో ఎక్కువభాగం ఊరి విద్యుత్తు తీగలతో కలిపినవి. వాటికి సాధారణంగా బ్యాటరీ ఉండదు. ఊరిలో కరెంటు పోతే, పట్టపగలు ఎండ కాస్తున్నా సరే, అవి తమంతట తామే ఆగిపోతాయి. తెగిన తీగలను బాగుచేసే లైన్‌మన్ ప్రాణానికి అపాయం కలుగకుండా చేసిన ఏర్పాటు ఇది. తుపాను నాటి చీకటికి అవి మందు కావు. ఈ వ్యాసంలో చెప్పేది బ్యాటరీతో స్వతంత్రంగా నడిచే ఇంటిని గురించి.

రాజాం మీద పడే ఎండ

రాజాం సుమారు 18½ డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. అందువల్ల మే నెల మధ్యలో ఒకసారి, జులై నెలాఖరులో ఒకసారి మధ్యాహ్న సూర్యుడు అక్కడ సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. నిట్టనిలువుగా పాతిన కర్రకు ఆ క్షణాన నీడ ఉండదు. బడి ఆవరణలో పిల్లలు ఇది స్వయంగా చూడవచ్చు. తక్కిన కాలంలో ఎక్కువ భాగం సూర్యుడు దక్షిణంగా ఉంటాడు కనుక పలకలను దక్షిణముఖంగా, దాదాపు అక్షాంశమంత వాలులో అమర్చుతారు.

ఉత్తర కోస్తాలో చదరపు మీటరు స్థలం మీద సగటున రోజుకు సుమారు 5 యూనిట్ల సౌరశక్తి పడుతుంది. యూనిట్ అంటే వెయ్యి వాట్ల పరికరం ఒక గంట నడిచినప్పుడు ఖర్చయ్యే శక్తి, అనగా వెయ్యి వాట్-గంటలు. పలక మీద ముద్రించిన వాట్ల అంకె, చదరపు మీటరు మీద వెయ్యి వాట్ల ఎండ పడినప్పుడు వచ్చే విద్యుత్తును తెలుపుతుంది. కనుక రోజుకు 5 యూనిట్ల ఎండ అంటే నిండు ఎండ ఐదు గంటలు కాసినట్లే. వర్షకాలంలో దానిని నాలుగు గంటలుగా లెక్కించడం మంచిది. ముసురు పట్టిన రోజులలో అంతకూడా రాదు.

ఇక్కడ విద్యార్థులు తరచు పొరబడే విషయం ఒకటున్నది. పలకకు కావలసింది వెలుగు. వేడి దానికి శత్రువు. మే నెల మధ్యాహ్నం కప్పు మీద పలక 65 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ముద్రించిన అంకె 25 డిగ్రీల దగ్గర కొలిచినది. ఆపైన పెరిగే ఒక్కొక్క డిగ్రీకి సుమారు 0.4 శాతం శక్తి తగ్గుతుంది. 40 డిగ్రీలకు 16 శాతం పోయినట్లే. పలకకూ కప్పుకూ మధ్య జానెడు సందు వదిలి గాలి ఆడనివ్వడానికి కారణం ఇదే.

పలక వేడి, దుమ్ము, తీగలలో నష్టం, బ్యాటరీలోనికి నింపి మళ్ళీ తీయడంలో నష్టం, ఇన్వర్టరులో నష్టం, ఇవన్నీ కలుపుకొంటే పలక మీద రాసిన లెక్క ప్రకారం రావలసిన నూరు పాళ్ళలో పరికరం దాకా చేరేది సుమారు అరవై పాళ్ళు. మిగిలిన నలభై దారిలోనే పోతుంది. పరికరం దగ్గర 60 వాట్-గంటలు మిగిల్చిన వాడు పలక దగ్గర నూరు మిగిల్చినట్లు. ఇంటి లెక్క అంతా ఈ ఒక్క మాట మీద నడుస్తుంది.

దీపమూ ఫ్యానూ

పాత తీగ బల్బు తాను తీసుకొన్న శక్తిలో నూటికి ఐదారు పాళ్ళు మాత్రమే వెలుగుగా మారుస్తుంది, తక్కినది వేడి. 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుగు సుమారు 700 ల్యూమెన్లు. అంతే వెలుగును 7 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఇస్తుంది. ఈ బల్బులకు మూలమైన నీలికాంతి డయోడును సాధించినందుకు అకసాకి, అమానో, నకమురా అనే శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది. ఎరుపు, ఆకుపచ్చ డయోడులు అంతకు ముందే ఉన్నవి. నీలం దొరకనిదే తెల్లని వెలుగు లేదు. చిత్రమేమంటే, అదే 2014లో ఆంధ్రప్రదేశ్‌లో ఎల్.ఇ.డి. బల్బుల పంపకానికి మొదట ఎన్నుకొన్న నాలుగు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. తక్కినవి గుంటూరు, అనంతపురం, పశ్చిమ గోదావరి. పాత బల్బు తెచ్చి ఇచ్చిన వారికి పది రూపాయలకు ఒక ఎల్.ఇ.డి. బల్బు ఇచ్చారు. 2015 జనవరిలో ఈ కార్యక్రమం దేశమంతటికీ విస్తరించి, తరువాత ఉజాలా అనే పేరు పొందింది. అప్పట్లో రాజాం శ్రీకాకుళం జిల్లాలోనిదే కనుక ఈ మార్పును తొలుత చూసిన ఊళ్ళలో అదీ చేరుతుంది.

బల్బు కొనేటప్పుడు డబ్బా మీద వాట్లతో పాటు ల్యూమెన్లు కూడా చూడాలి. వాటుకు నూరు ల్యూమెన్లు ఇచ్చేది మంచిది. వాట్లు తక్కువ అని కొన్న నాసిరకం బల్బు వెలుగు కూడా తక్కువే ఇస్తుంది. అందులో ఆదా ఏమీ లేదు.

దీపం సంగతి చాలామందికి తెలిసినదే. ఫ్యాను సంగతి అంతగా తెలియదు. రాజాం సముద్రానికి కొంత దూరమైనా ఉక్కపోత తక్కువేమీ కాదు. మార్చి నుండి అక్టోబరు దాకా రాత్రి ఫ్యాను లేనిదే నిద్ర పట్టదు. పగలు వాడే పరికరానికి ఎండ నేరుగా దొరుకుతుంది. రాత్రి పది గంటలు నడిచే ఫ్యాను మాత్రం పూర్తిగా బ్యాటరీ మీద బ్రతకాలి. కనుక తోట ఇంట్లో అన్నిటికంటె జాగ్రత్తగా ఎన్నుకోవలసిన వస్తువు ఫ్యాను.

సాధారణ సీలింగు ఫ్యాను 70, 75 వాట్లు తీసుకొంటుంది. అందులో ఉండేది ఇండక్షన్ మోటారు. చుట్టలలో తిరిగే అయస్కాంత క్షేత్రం, లోపలి లోహభాగంలో విద్యుత్తును ప్రేరేపించి, ఆ విద్యుత్తు వల్ల పుట్టిన అయస్కాంతత్వంతో దానిని త్రిప్పుతుంది. అలా ప్రేరేపించడానికే కొంత శక్తి ఖర్చయి వేడిగా పోతుంది. గంటసేపు తిరిగిన పాత ఫ్యాను నడుమ డిబ్బ మీద చేయి పెడితే ఆ నష్టం చేతికి తెలుస్తుంది. బి.ఎల్.డి.సి. అని పిలిచే కొత్తరకం ఫ్యానులో తిరిగే భాగానికి శాశ్వత అయస్కాంతాలే అమర్చుతారు. అయస్కాంతత్వాన్ని పుట్టించవలసిన పని లేదు. ఏ చుట్టకు ఎప్పుడు విద్యుత్తు పంపాలో ఒక చిన్న ఎలక్ట్రానిక్ పలక నిర్ణయిస్తుంది. అదే గాలికి ఇది 28 నుండి 35 వాట్లతో సరిపెట్టుకొంటుంది.

మరొక విశేషం ఉన్నది. రెక్కలు గాలిని తోయడానికి కావలసిన శక్తి, వేగం ఘనంతో పాటు మారుతుంది. వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతు చాలు. అయితే వెనుకటి పెద్ద డబ్బా రెగ్యులేటరు వేగం తగ్గించేది నిరోధకంతో. మిగలవలసిన శక్తిలో చాలా భాగం ఆ డబ్బాలోనే వేడిగా పోయేది. బి.ఎల్.డి.సి. ఫ్యాను మాత్రం తక్కువ వేగంలో ఐదారు వాట్లతోనే తిరుగుతుంది. తెల్లవారుజామున చల్లబడినప్పుడు వేగం తగ్గించుకొనే అలవాటు ఉన్న ఇంటికి ఇది వరం.

ఒక్క ఫ్యాను మార్పు విలువ ఎంతో లెక్కవేద్దాం. 75 వాట్ల ఫ్యానుకు బదులు 30 వాట్లది పెడితే 45 వాట్లు మిగులుతాయి. పది గంటలకు 450 వాట్-గంటలు. నూటికి అరవై పాళ్ళే చేరుతుందని చెప్పుకొన్నాం కనుక పలక దగ్గర ఇది 750 వాట్-గంటలు. వర్షకాలపు నాలుగు గంటల ఎండతో భాగిస్తే దాదాపు 190 వాట్ల పలక. బ్యాటరీ వైపు చూద్దాం. ముసురులో రెండు రోజులు గడవాలంటే ఫ్యాను దగ్గర 900 వాట్-గంటలు మిగిలినట్లు. ఇన్వర్టరు నష్టం కలిపితే బ్యాటరీ దగ్గర వెయ్యి పైచిలుకు. 12 వోల్టుల 150 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలో 1800 వాట్-గంటలు ఉన్నట్లు కనిపించినా, అది ఎక్కువ కాలం మన్నాలంటే అందులో సగమే వాడుకోవాలి, అనగా 900. అంటే ఒక్క ఫ్యాను మార్చినందువల్ల 190 వాట్ల పలకా, ఒక నిండు బ్యాటరీ కొనవలసిన అవసరం తప్పింది. బి.ఎల్.డి.సి. ఫ్యానుకు సాధారణ ఫ్యాను కంటె వెయ్యి, పదిహేను వందలు ఎక్కువ పెట్టాలి. ఏది చౌక?

ఫ్రిజ్జు

తోట ఇంట్లో ఫ్రిజ్జు విలాసం అని కొట్టివేయడానికి వీలులేదు. పాలు, పెరుగు, దోసెల పిండి ఒక ఎత్తు; మధుమేహ రోగి ఇన్సులిన్ మరొక ఎత్తు. అయితే ఇరవై నాలుగు గంటలూ పనిచేసే పరికరం కనుక తప్పుగా ఎన్నుకొంటే ఇంటి శక్తిలో మూడో వంతు అదే తినివేస్తుంది.

ఇంధన సామర్థ్య సంస్థ, అనగా బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, 2001 నాటి ఇంధన పొదుపు చట్టం ప్రకారం 2002లో ఏర్పడింది. 2006లో అది నక్షత్రాల లేబుళ్ళను ప్రవేశపెట్టింది. సీలింగు ఫ్యాన్లకు ఈ లేబులు 2023 జనవరి నుండి తప్పనిసరి అయింది. అంగడిలో జనం నక్షత్రాలు లెక్కపెట్టి తృప్తిపడుతూ ఉంటారు. ఇది సగం చూపు మాత్రమే. నక్షత్రాలు అదే రకం, అదే పరిమాణం గల పరికరాల మధ్య పోలిక. ఐదు నక్షత్రాల పెద్ద ఫ్రిజ్జు మూడు నక్షత్రాల చిన్నదాని కంటె ఎక్కువ శక్తి తినవచ్చు. అంతేకాక ప్రమాణాలను కొన్నేళ్ళకొకసారి కఠినం చేస్తూ ఉంటారు కనుక పాత లేబులు మీది ఐదు నక్షత్రాలు ఇవాళ్టి ఐదు కావు. చూడవలసింది లేబులు మీద ముద్రించిన సంవత్సరపు యూనిట్ల అంకె. దానిని 365తో భాగిస్తే రోజు ఖర్చు వస్తుంది. 183 యూనిట్లని ఉంటే రోజుకు అర యూనిట్. ప్రయోగశాలలో కొలిచిన ఆ అంకెకు, మే నెల వంటింటి వేడిని తలచుకొని, మరికొంత కలుపుకోవడం వివేకం. పాతబడిన ఫ్రిజ్జులు రోజుకు ఒకటిన్నర యూనిట్ కూడా తీసుకొంటాయి.

ఫ్రిజ్జు కంప్రెసరు నడిచేటప్పుడు తీసుకొనేది నూరు వాట్లకు అటూ ఇటూ. కాని సాధారణ రకం కంప్రెసరు కదలడం మొదలుపెట్టే క్షణంలో దానికి అనేక రెట్లు ఎక్కువ విద్యుత్తు లాగుతుంది. నిండు బండి కదిలేటప్పుడే ఎడ్లు ముక్కేది. కదిలిన తరువాత అంత బరువు తెలియదు. ఆ ఒక్క క్షణం భరించలేక చిన్న ఇన్వర్టర్లు ఆగిపోతాయి. వేగాన్ని మెల్లగా పెంచుకొనే ఇన్వర్టర్ కంప్రెసరు గల ఫ్రిజ్జు ఈ బాధ పెట్టదు. ఇన్వర్టరు కూడా శుద్ధమైన సైన్ తరంగం ఇచ్చేదై ఉండాలి. చతురస్రపు తరంగం ఇచ్చే చౌకరకం మీద మోటార్లు రొదచేస్తూ వేడెక్కుతాయి.

గృహిణులు కనిపెట్టిన ఉపాయం ఒకటి ఇక్కడ శాస్త్రానికి సరిగ్గా సరిపోతుంది. పగటి పూట సీసాలలో నీరు పోసి గడ్డకట్టించి, సాయంకాలం వాటిని క్రింది అరలోనికి దించితే రాత్రి కంప్రెసరుకు పని తగ్గుతుంది. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ళ వేడి పీల్చుకొంటుంది కదా! ఎండను చలిగా మార్చి దాచుకొన్నట్లయింది. ఇందుకు బ్యాటరీ అక్కరలేదు.

వేడి పుట్టించేవి

విద్యుత్తుతో వేడి పుట్టించే ఏ పరికరమూ తోట ఇంట్లో చేరదగదు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె అరగంటలో తినేది మంచి ఫ్రిజ్జు రోజంతా తినే అర యూనిట్. స్నానానికి 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుండి 45 డిగ్రీలకు కాచడానికి సుమారు 350 వాట్-గంటలు కావాలి. సాయంకాలం ఐదు గంటలపాటు వెలిగే నాలుగు ఎల్.ఇ.డి. దీపాలకు రెండు రోజులు సరిపోయే శక్తి ఒక్క బకెట్లో కరిగిపోతుంది! ఇండక్షన్ పొయ్యి మీద కుటుంబపు వంట అంతా సాగిస్తే రోజుకు రెండు మూడు యూనిట్లు అవుతుంది. ఇది తక్కిన ఇల్లంతా కలిసి వాడేదానికంటె ఎక్కువ.

పలక తన మీద పడిన ఎండలో నూటికి ఇరవై పాళ్ళను మాత్రమే విద్యుత్తుగా మారుస్తుంది. దానిని మళ్ళీ వేడిగా మార్చడంలో అర్థం లేదు. నల్లపూత పూసిన రేకు అదే ఎండలో సగానికి పైగా నేరుగా వేడిగా గ్రహిస్తుంది. రాజాంలో వేణ్ణీళ్ళ అవసరం పుష్య మాఘాల చలి ఉదయాలకే పరిమితం. దానికి సౌర నీటి తాపకం చాలు, వంటకు గ్యాసు ఉండనే ఉన్నది. గది చల్లబరిచే యంత్రం మాటకొస్తే, ఒక్క రాత్రికి ఐదు యూనిట్ల దాకా కావాలి. దానికంటె కప్పుకు తెల్లసున్నం పూయడం మేలు. ఎండను వెనుకకు త్రిప్పే ఇటువంటి కప్పుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రత్యేక విధానమే ప్రకటించింది.

పగటి పని, రాత్రి పని

మిక్సీ, గ్రైండరు, నీళ్ళ మోటారు వంటివి వాట్లు చూస్తే భయం కలిగిస్తాయి, యూనిట్లు చూస్తే భయం పోతుంది. 500 వాట్ల మిక్సీ పది నిమిషాలు తిరిగితే 83 వాట్-గంటలే. వెయ్యి లీటర్ల నీటిని 15 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి సిద్ధాంతరీత్యా కావలసింది 41 వాట్-గంటలు. చిన్న మోటారు సామర్థ్యం నూటికి ఇరవై అయిదు, ముప్పై అనుకొన్నా 150 చాలు. మేడ మీది తొట్టి కూడా ఒక బ్యాటరీయే. అది చెడదు, దానికి స్వేదనజలం పోయనక్కరలేదు. ఈ పనులన్నీ ఉదయం పది నుండి మధ్యాహ్నం రెండు గంటలలోపు ముగిస్తే శక్తి బ్యాటరీలో దూరి బయటకు వచ్చే ప్రయాణం తప్పుతుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి: మోటారూ, మిక్సీ ఒకేసారి వేయరాదు.

ఇక కంటికి కనబడని దొంగలు కొన్ని ఉన్నవి. టి.వి. కట్టివేసినా సెట్‌టాప్ బాక్సు నిద్రపోదు. 10 వాట్ల చొప్పున రోజుకు 240 వాట్-గంటలు తీసుకొంటుంది. నాలుగు 9 వాట్ల దీపాలు ఐదు గంటలు వెలిగితే అయ్యేది 180 మాత్రమే! ఇన్వర్టరు సంగతి మరీ విడ్డూరం. ఏ పరికరమూ నడవకపోయినా అది 10 నుండి 20 వాట్లు తనకోసం ఖర్చు పెట్టుకొంటుంది. 15 అనుకొంటే రోజుకు 360. ఇంటికి మించిన పెద్ద ఇన్వర్టరు కొన్నవారు ఈ సుంకం జీవితాంతం చెల్లిస్తారు.

ఇందువల్లనే కొందరు దీపాలకూ ఫ్యాన్లకూ ఇన్వర్టరు లేకుండా బ్యాటరీ నుండి నేరుగా ఏకముఖ విద్యుత్తు ఇస్తారు. ఎల్.ఇ.డి., బి.ఎల్.డి.సి. రెండూ స్వభావరీత్యా ఏకముఖ విద్యుత్తుతో నడిచేవే. అయితే తక్కువ వోల్టేజికి తీగ లావు కావాలి. 60 వాట్లకు 230 వోల్టుల దగ్గర పావు ఆంపియరు ప్రవాహం చాలు. 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు ప్రవహించాలి. తీగలో నష్టం ప్రవాహం వర్గంతో పెరుగుతుంది కనుక అదే తీగలో నష్టం మూడు వందల యాభై రెట్లు దాటుతుంది. మద్రాసు ఐ.ఐ.టి.లో రూపొందించిన పద్ధతిలో 48 వోల్టులు ఎన్నుకోవడానికి ఇది ఒక కారణం. రాజస్థాన్ ఎడారి గ్రామాలలో ఆ పద్ధతిని అనేక ఇళ్ళలో అమర్చారు.

రెండు ఇళ్ళ లెక్క

ఇప్పుడు రెండు ఇళ్ళను ప్రక్క ప్రక్కన పెట్టి చూద్దాం. రెండింటిలోనూ నాలుగు దీపాలు, రెండు ఫ్యాన్లు, ఒక టి.వి., ఒక ఫ్రిజ్జు, చిల్లర పరికరాలు. దీపాలు ఐదు గంటలు, ఫ్యాన్లు పది గంటలు, టి.వి. మూడు గంటలు.

పాత పరికరాల ఇంట్లో 60 వాట్ల దీపాలకు 1200, ఫ్యాన్లకు 1500, పెట్టె టి.వి.కి 240, ఫ్రిజ్జుకు 1500, మిక్సీ, మోటారు, సెల్‌ఫోన్లు మొదలైన వాటికి 330, మొత్తం 4770 వాట్-గంటలు. ఎంచి కొన్న ఇంట్లో 9 వాట్ల దీపాలకు 180, ఫ్యాన్లకు 600, 30 వాట్ల టి.వి.కి 90, ఫ్రిజ్జుకు 500, చిల్లరకు అదే 330, మొత్తం 1700. వర్షకాలపు ఎండ లెక్కన మొదటి ఇంటికి సుమారు 2000 వాట్ల పలకలు కావాలి, రెండో ఇంటికి 700 చాలు. రెండు రోజుల ముసురు గట్టెక్కడానికి మొదటి ఇంటికి పన్నెండు, పదమూడు సీసపు బ్యాటరీలు. రెండో ఇంటికి నాలుగైదు. వెలుగులో గాని, గాలిలో గాని, చల్లదనంలో గాని ఈ రెండు ఇళ్ళకూ తేడా లేదు.

సీసపు బ్యాటరీలు మూడు నుండి ఐదేళ్ళకొకసారి మార్చవలసినవి అని తలచుకొంటే ఈ తేడా మరింత పెద్దదవుతుంది. వేడి వాటి ఆయువును తగ్గిస్తుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆయుర్దాయం దాదాపు సగమవుతుందని స్థూలసూత్రం. వాటిని రేకుల కొట్టంలో కాక నీడ, గాలి ఉన్న చోట ఉంచాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలు ఇప్పుడు దొరుకుతున్నవి. వాటిలో నూటికి ఎనభై పాళ్ళకు పైగా వాడుకోవచ్చు, ఎక్కువ కాలం మన్నుతాయి. మొదటి ఖరీదు మాత్రం ఎక్కువ. రెండో ఇల్లు వంటి చిన్న ఇంటికి అవి అందుబాటులోకి వస్తాయి, మొదటి ఇంటికి రావు.

కొనడానికి ముందు

పరికరం మీద రాసిన వాట్లను నమ్మి ఊరుకోనక్కరలేదు. కరెంటు ఉన్న ఏ ఇంట్లోనైనా, ఏ బడిలోనైనా విద్యార్థులే కొలిచి చూడవచ్చు. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్రదీపం మిణుకుమంటూ ఉంటుంది. యూనిట్‌కు ఎన్ని మిణుకులో మీటరు ముఖం మీదనే రాసి ఉంటుంది. 3200 అని ఉంటే ఒక్కొక్క మిణుకు 0.3125 వాట్-గంట. తక్కిన పరికరాలన్నీ కట్టివేసి, ఫ్యాను ఒక్కటే పూర్తి వేగంలో వేసి, గడియారం చూస్తూ ఐదు నిమిషాలు మిణుకులు లెక్కించాలి. ఇరవై మిణుకులు వస్తే ఐదు నిమిషాలకు 6.25 వాట్-గంటలు, అనగా ఫ్యాను 75 వాట్లది. ఎనిమిదే వస్తే 30 వాట్లది. ఫ్రిజ్జు కంప్రెసరు ఆగుతూ నడుస్తూ ఉంటుంది కనుక దానికి ఐదు నిమిషాలు చాలవు. ఇల్లు ఖాళీగా ఉండే రోజు చూసుకొని, మిగిలినవన్నీ కట్టివేసి, ఉదయం మీటరు అంకె ఒకసారి, మర్నాడు అదే వేళకు మరొకసారి వ్రాసుకోవాలి. అన్నీ కట్టివేశామని అనుకొన్న తరువాత కూడా మీటరు మిణుకుతూ ఉంటే, ఇంట్లో ఏదో ఒక పరికరం ఇంకా మేలుకొని ఉన్నదన్నమాట. దానిని వెదకి పట్టుకొనే పని పిల్లలకు అప్పగించవచ్చు.